తాలు కాయల ప్రయోగం

అవధానం అనే పాఠం మాకు మధ్యాహ్నం రెండు గంటలకు ఉండేది. ఆ టైంటేబుల్ వేసిన మహానుభావుడు సైకాలజీ బొత్తిగా తెలియక వేశాడో, బాగా తెలిసే వేశాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డును వెడల్పు చేస్తున్న రోజులవి. రోడ్డుతో పాటే దాని పక్కన బి.ఎడ్. కాలేజీలు కూడా పుట్టుకొచ్చాయి. మాది అంతకుముందు పొగాకు గోడౌను. సున్నం వేసి, బోర్డు తగిలించి కాలేజీ అన్నారు గానీ గోడల్లోంచి పొగాకు వాసన పోలేదు. కడుపు నిండా అన్నం, నెత్తిన రేకుల వేడి, చుట్టూ ఆ మత్తు వాసన. మనిషి ఒకేసారి ఎన్ని విషయాల మీద దృష్టి నిలపగలడని సైకాలజీ సారు అడిగితే, జవాబు చెప్పడానికి మెలకువగా ఉండేది ముగ్గురో నలుగురో. వాళ్లలో నేనొకదాన్ని. అప్పట్లో అది నాకు చాలా గొప్పగా ఉండేది.

నిద్ర పాఠం చెప్పిన రోజు మాత్రం క్లాసంతా మేలుకునే ఉంది. తమ గురించే చెబుతున్నారని అనుమానం వచ్చి ఉంటుంది. నిద్ర చాలకపోతే దృష్టి చెదురుతుందని, చేసే పనిలో తప్పులు పెరుగుతాయని సారు చెప్పి, ఆవలించి, చాక్‌పీసు ఉన్న చెయ్యే నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీసాల మీద సుద్ద అంటుకుంది. మేం నవ్వితే, పాఠం బాగా వెళ్లిందని ఆయన సంతోషపడ్డారు.

అభ్యసనం పాఠంలో ఎలుక వచ్చింది. మీట నొక్కితే మేత పడే పెట్టెలో ఉండే ఎలుక. నొక్కిన ప్రతిసారీ మేత దొరికే ఎలుక, మేత ఆగిపోగానే కాసేపు చూసి మానుకుంటుందట. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే ఎలుక మానదట. ఈసారి పడుతుందేమోనని నొక్కుతూనే ఉంటుందట. దీన్ని నేను ఎర్రసిరాతో గీత గీసి మరీ బట్టీ పట్టాను. పరిశోధనలో పాటించాల్సిన నీతి నియమాలు పుస్తకం చివర అర పేజీ ఉన్నాయి. మనిషి అనుమతి తీసుకోవాలి, విషయం వివరంగా చెప్పాలి, పేరు గోప్యంగా ఉంచాలి, హాని చేయకూడదు, వద్దనుకుంటే మధ్యలో లేచిపోనివ్వాలి. రెండు మార్కుల ప్రశ్న కదా అని సారు చదివేసి పుస్తకం మూశారు.

ఇంతకీ ఆ ఏడాది మాకు అసలు గండం పాఠాలు కాదు, రికార్డు. మనుషుల మీద చేసిన ప్రయోగాలను అట్ట వేసిన పుస్తకంలో పట్టికలు, గ్రాఫులతో సహా రాసి ఇవ్వాలి. ప్రయోగానికి కూర్చున్న మనిషిని రికార్డు భాషలో సబ్జెక్టు అంటారు. కాలేజీ పుట్టిననాటి నుంచీ అక్కడ ఒకే సబ్జెక్టు ఉండేది. ఎవరో మొదటి బ్యాచి వాళ్లు సృష్టించిన ఇరవై రెండేళ్ల యువకుడు. ఏటా అతని అంకెల్ని సీనియర్ల రికార్డులోంచి దింపుకుని, పట్టుబడకుండా ఒకటీ రెండూ అటూ ఇటూ మార్చేవారు. ఆ యువకుడి జ్ఞాపకశక్తి బ్యాచి బ్యాచికీ పెరుగుతూ వచ్చిందే గానీ వయసు మాత్రం ఇరవై రెండు దాటలేదు. ప్రయోగాల కోసం ఇచ్చిన వారం సెలవుల్లో మా క్లాసువాళ్లు రెండు రోజుల్లో రికార్డు దింపేసి, మిగతా రోజులు వ్యాను మాట్లాడుకుని వాడరేవు వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. పొన్నూరు నుంచి వచ్చే నా బెంచి స్నేహితురాలైతే బతిమాలింది కూడా.

"నీ రికార్డు కూడా నేనే రాసిపెడతా, రావే. సముద్రం చూసొద్దాం."

"నేను నిజంగా చేస్తాను," అన్నాను.

"ఏంటి చేసేది?"

"ప్రయోగం."

ఆమె నన్ను జాలిగా చూసింది. మా నాన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు. దొంగతనంగా దింపడం పాపమని మా ఇంట్లో పొద్దున ప్రార్థనలోనే చెప్పుకునేవాళ్లం. అసలు సంగతి అది కాదు. నలుగురూ చేసేది నేను చేయనని నలుగురికీ తెలియాలి, అంతే. దానికి పాపభయం అని పేరు పెట్టుకున్నాను.

నా ప్రయోగానికి నేనే అంశం కనిపెట్టాను. నిద్ర తగ్గితే దృష్టి ఎంత తగ్గుతుంది? పుస్తకంలో అయితే కాగితం మీద అక్షరాల మధ్య ఒకే అక్షరాన్ని వెతికి కొట్టేయమంటారు. మా పల్లెలో అక్షరాలతో పని లేదు. మార్చి నెల, మిరపకాయ కల్లాల్లో ఆరే కాలం. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తెల్ల కాయల్ని ఏరి పక్కన పడెయ్యాలి. వాటిని తాలు అంటారు. సరుకు గుంటూరు యార్డుకు వెళ్లినప్పుడు బస్తాలో తాలు కనపడిందా, రైతు మొహం మాడిపోతుంది. అందుకని చూపున్న ఆడవాళ్లను చూసుకుని ఏరడానికి కూర్చోబెడతారు. అవధాన ప్రయోగానికి ఇంతకంటే ఏం కావాలి? ఒక్కో మనిషికి ఒక్కో బుట్టెడు కాయలు ఇస్తాను, అందులో లెక్కపెట్టి యాభై తాలు కలుపుతాను, వాచీ చూసి పది నిమిషాలు ఏరమంటాను, ఎన్ని వదిలేశారో రాసుకుంటాను. ముందు రోజు ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా అడుగుతాను. ఐదు రోజులు, ఆరుగురు సబ్జెక్టులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కల్లం ఆసామి మా నాన్న దగ్గర చదువుకున్నవాడు. మాస్టారి అమ్మాయి అడిగితే కాదంటాడా? "కూలి పని చెడకుండా చూసుకో తల్లీ," అని మాత్రం అన్నాడు. తాటాకు పందిరి కింద ఆరుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ మా పల్లెవాళ్లే, ఆదివారం గుడిలో మా వెనక చాప మీద కూర్చునేవాళ్లే. మా నాయనమ్మ కూడా ఒకప్పుడు ఇలాంటి పందిరి కిందే కూర్చుంది. మా నాన్న ఉద్యోగం వచ్చాక మేం చాప మీంచి బెంచీకి మారాం.

వరసలో నాలుగో మనిషి మా ఇంటి వెనక వీధిలో ఉండే పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, వరసకు. భర్త పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మోకాళ్లు అరిగిపోయి వంగి చేసే పని మానేసి అప్పటికి మూడేళ్లు. కూర్చుని చేసే పని మాకు ఉన్నది ఒక్కటే, కల్లంలో తాలు ఏరడం. ఆ నాలుగు నెలలే ఆమె ఏడాదికి ఆధారం. అయితే చూపు మాత్రం గద్ద చూపు. ఆమె ఏరిన గుట్టను ఆసామి మళ్లీ చూసుకునేవాడు కాడు.

మొదటి రోజు నియమం ప్రకారం పొడుగు పుస్తకం తెరిచి, మొదటి పేజీలో వరసగా ఆరుగురి పేర్లూ రాశాను. పేరు, వయసు, అనుమతి. ముగ్గురు వేలిముద్ర వేశారు. పెద్దమ్మ రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి బిగపట్టి, గడి దాటి పక్క గడిలోకి వెళ్లేదాకా పెట్టింది.

"రాశావా పాపా నా పేరు? ఇంటిపేరు కూడా?"

"రాశాను పెద్దమ్మా."

"పోయినసారి ఇంటిపేరు తప్పు రాసుకుపోయారు. అందుకే రాలేదేమో."

ఏం రాలేదో నేను అడగలేదు. నాకు వాచీ మీద ధ్యాస. కానీ చేతులు పనిలో ఉన్నా నోళ్లు ఊరుకోవు కదా, వాళ్లే చెప్పుకున్నారు. పెద్దమ్మ వితంతు పింఛనుకు మూడుసార్లు పేరు రాయించుకుంది. మూడోసారి గ్రామసభకు వచ్చిన ఆఫీసరు ఆమెను ఎగాదిగా చూసి, "గట్టిగానే ఉన్నావుగా, పని చేసుకుంటున్నావుగా," అని తర్వాతి పేరు పిలిచాడట. ఆమె పక్కన కూర్చునే ఆవిడకు మాత్రం ఐదేళ్ల కింద, ఎవరో ఎందుకో పేరు రాసుకుపోతే, ఆర్నెల్ల తర్వాత పొయ్యి వచ్చిందట. పొగ రాని పొయ్యి. ఎవరిచ్చారో ఆవిడకు ఈరోజుకూ తెలియదు. అప్పటి నుంచి పల్లెలో ఎవడు పుస్తకం తెరిచినా అందరూ వెళ్లి పేరు చెప్పి వస్తారు. ఎర్రసిరాతో గీత గీసుకున్న ఎలుక నా ఎదురుగానే కూర్చుని ఉంది, నాకది కనపడలేదు.

"నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు?" అని అడిగాను.

"గంటలెవరు చూశారమ్మా? పడుకున్నాం, లేచాం," అన్నారు. ఏడు అని వేసుకున్నాను. ఆ రోజు యాభై తాలులో ఒకరు మూడు వదిలారు, ఒకరు నాలుగు. పెద్దమ్మ ఒక్కటంటే ఒక్కటి వదిలింది. దాన్ని కూడా నేను బుట్ట తిరగేసి చూపిస్తే, "అది తాలు కాదమ్మాయ్, ఎండదెబ్బ. గింజ బాగానే ఉంటది," అని వాదించింది. ఆమె మాటే నిజం. అసలెలా కనిపెడతావని అడిగాను.

"తెలుపు కోసం వెతక్కూడదు పాపా. ఎరుపునే చూస్తా పోవాల. తెలుపు దానంతట అదే కంట్లో పడిద్ది."

పుస్తకంలో అవధానం మీద పదిహేడు పేజీలు ఉన్నాయి. ఈ మాట ఎక్కడా లేదు. రాసుకుందామనుకున్నాను, పట్టికలో దానికి గడి లేదు.

రెండో రోజు పెద్దమ్మ తొమ్మిది వదిలింది. నిద్ర సంగతి అడిగితే, "నిద్ర ఎక్కడిదమ్మా నాకు? రెండు గంటలు. అదీ పట్టీ పట్టక," అంది. ఆమె అలా అనగానే పక్కావిడ తనకు గంటన్నరేనంది. ఆ పక్కావిడ అసలు కన్నే మూయలేదంది. వారం నుంచీ మూయలేదట. ముందురోజు ఏడు గంటలు నిద్రపోయిన పల్లె ఒక్క రాత్రిలో ఇలా అయిపోయిందేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. నిద్ర తగ్గింది, తప్పులు పెరిగాయి. సిద్ధాంతం రుజువవుతోంది. సంతోషంగా అంకెలు వేసుకున్నాను.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పుకునేటప్పుడు పొయ్యి వచ్చిన ఆవిడ అడిగింది.

"ఇంతకీ ఇది పింఛనుకా పాపా, ఇళ్ల స్థలాలకా?"

ఐదుగురు నా మొహం వంకే చూస్తున్నారు. పెద్దమ్మ చూడటం లేదు. అన్నంలో పచ్చడి కలుపుకుంటోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఇది దేనికీ కాదు. నా చదువు కోసం," అన్నాను.

అందరూ నవ్వారు. "అందరూ అట్టాగే అంటారులే. ముందే చెబితే ఊరంతా వచ్చి మీద పడరూ?" అంది పొయ్యి వచ్చిన ఆవిడ. కాదు కాదు అన్నకొద్దీ వాళ్లకు నమ్మకం గట్టిపడింది. మాస్టారి కూతురు ఊరికే ఎండలో పడి వస్తుందా? నేను ఒక్కసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. గట్టిగా చెబితే లేచిపోతారు, లేచిపోతే ఇంకా మూడు రోజులు మిగిలి ఉన్నాయి. చెప్పాను కదా, నమ్మకపోతే నా తప్పా అని ఆ రోజు సైకిలు మీద ఇంటికి పోతూ నాకు నేనే చెప్పుకున్నాను. అనుమతి తీసుకున్నాను. విషయం చెప్పాను. అర పేజీ నియమాల్లో రెండు అప్పటికే పూర్తయ్యాయి.

పెద్దమ్మ లెక్క మాత్రం ఆ రోజే నాకు అర్థమైంది, అర్థం కాలేదని అబద్ధం చెప్పను. గట్టిగా ఉన్నావన్న మాటకు పింఛను పోయింది. ఈసారి గట్టిగా ఉండకూడదు. నిద్ర లేదు, చూపు లేదు. అంతకు ముందురోజు పుట్టుమచ్చంత మరకను కూడా వదలని మనిషి, నా బుట్టలో తెల్లగా మెరిసే కాయలను చూసి, చేత్తో తడిమి, మళ్లీ అందులోనే వేసేది. వేసేటప్పుడు ఆమె మొహంలో కష్టం కనపడేది. అలవాటు పడిన చెయ్యి ఏరెయ్యబోతుంటే బలవంతాన ఆపుకోవాలి మరి. నా బుట్ట అయిపోగానే ఆసామి గుట్ట ముందు కూర్చుని, అప్పటిదాకా ఆపుకున్నదంతా తీరేలా టకటకా ఏరేసేది. ఆ గుట్టలో ఒక్క తాలు ఉండేది కాదు. మూడో రోజు నా బుట్టలో పన్నెండు వదిలింది. నాలుగో రోజు పద్దెనిమిది. నేను రాసుకున్నాను.

ఆ నాలుగో రోజు సాయంత్రం ఆసామి బస్తాలు కుట్టించడానికి కల్లానికి వచ్చాడు. "ఎంతవరకు వచ్చిందమ్మా నీ పరీక్ష?" అన్నాడు. మర్యాదకు అడిగాడు. బాగా జరుగుతోందండీ అని చెబితే అయిపోయేది. నేను పుస్తకం తెరిచి పట్టిక చూపించాను. గ్రాఫు చూపించాను. నిద్ర ఈ గీత, తప్పులు ఈ గీత, ఇది దిగుతుంటే అది ఎక్కుతుంది చూడండి అని వేలు పెట్టి వివరించాను. నాలుగు రోజులుగా నా తెలివిని చూసేవాళ్లే లేక నేను మొహం వాచి ఉన్నాను. ఆయన నిద్ర గీత చూడలేదు. అంకెలు చూశాడు.

"యాభైకి పద్దెనిమిది వదిలిందా? ఎవరీ నాలుగో ఆమె?"

"పేర్లు చెప్పకూడదండీ. గోప్యంగా ఉంచాలి. అది నియమం," అన్నాను. ఎంత గొప్పగా అన్నానో.

ఆయన తల ఊపి, పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, మొదటి పేజీ తిప్పాడు. అక్కడ నా ముత్యాల్లాంటి అక్షరాలతో, స్కేలు పెట్టి గీసిన గడుల్లో, నాలుగో నంబరుకు ఎదురుగా పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. పక్క గడిలోకి పాకిన సంతకం కూడా ఉంది. చదువుకుని, పుస్తకం నాకు తిరిగి ఇచ్చి, "పాపం," అన్నాడు. అంతే అన్నాడు.

ఐదో రోజు నేను వెళ్లేసరికి వరసలో నాలుగో చోటు ఖాళీగా ఉంది. కళ్లు మందగించాయి, ఇక రావద్దని ఆసామి పొద్దున్నే మనిషితో చెప్పి పంపాడని మిగతావాళ్లు చెప్పారు. ఎట్టా తెలిసిందో ఏమో, తన గుట్టలో తాలు లేదని ఆమె ఎంత చెప్పినా వినలేదట అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. అప్పటికప్పుడే ఆసామి ఇంటికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. సోమవారం రికార్డు ఇవ్వాలి. ముందు ఇది పూర్తి చేద్దాం, తర్వాత ఎలాగూ చెబుతాను కదా అనుకున్నాను. మిగతా ఐదుగురికి బుట్టలు ఇచ్చాను. ఇంటికొచ్చి నాలుగో సబ్జెక్టు ఐదో రోజు గడి ముందు కాసేపు కూర్చున్నాను. ఖాళీగా వదిలితే గ్రాఫు తెగుతుంది. ఒకటి, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది. ఇరవై ఒకటి అని వేశాను. గీత చక్కగా కలిసింది. సీనియర్ల రికార్డు దింపడం పాపమని వాడరేవు మానుకున్నదాన్ని, ఆ ఇరవై రెండేళ్ల యువకుడికి తోడుగా ఇంకో కల్పిత మనిషిని పుట్టించాను.

వైవాకు బయటి కాలేజీ నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. మధ్యాహ్నం అన్నం తర్వాత మా వంతు. ముప్ఫై మంది ఇరవై రెండేళ్ల యువకుల్ని వరసగా చూసిన కళ్లకు నా మిరపకాయలు కనపడేసరికి ఆయన నిద్ర మత్తు దిగిపోయింది. రికార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. గ్రాఫు దగ్గర ఆగారు.

"నువ్వే చేశావా అమ్మా?"

"నేనే చేశానండీ."

"శభాష్. నీతి నియమాల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకున్నావు?"

గడగడా చెప్పాను. సబ్జెక్టుల అనుమతి తీసుకున్నానండీ. ప్రయోగం ఎందుకో వివరించానండీ. పేర్లు ఎక్కడా బయటపెట్టలేదండీ, అంకెలతోనే రాశానండీ. ఎవరికీ ఏ హానీ జరగలేదండీ. మధ్యలో ఒకరు మానుకున్నా అభ్యంతరం పెట్టలేదని కూడా చెబుదామనుకున్నాను. ఐదో రోజు అంకె ఉంది కదా అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయన సైకాలజీ సారు వైపు తిరిగి, పిల్లలంటే ఇలా ఉండాలన్నారు. కాలేజీలో ఆ ఏడు రికార్డుకు అందరికంటే ఎక్కువ మార్కులు నావే. ఇరవయ్యేళ్లుగా నేను పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను. నియమాల అర పేజీని నాలుగు రోజులు చెబుతాను. మేడమ్‌కు చాదస్తమని వాళ్లు అనుకుంటారని తెలుసు.

వైవా అయిన మర్నాడే ఆసామి ఇంటికి వెళ్లాను. కళ్లు బాగానే ఉన్నాయండీ, పింఛను కోసం అనుకుని నా బుట్టలో కావాలనే వదిలింది, మీ గుట్టలో ఎప్పుడూ వదల్లేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నిజం చెబితే అంతా సర్దుకుంటుందని నా నమ్మకం. అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్న ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"కావాలనే వదిలిందా?"

"మీ గుట్టలో కాదండీ, నా బుట్టలో."

"కళ్లు పోయినయ్యేమోలే పాపం, జోడు పెట్టించుకుంటే వచ్చే ఏడు పిలుద్దామనుకున్నానమ్మా. కళ్లు పెట్టుకుని కావాలని వదిలిన మనిషిని కల్లంలో ఎట్టా కూర్చోబెట్టేది? నీ బుట్టలో వదిలిన చెయ్యి నా గుట్టలో వదలదని ఏంది గ్యారంటీ?"

"తనకు పింఛను వస్తుందనుకుందండీ. తప్పు నాది."

"నువ్వు చదువుకునే పిల్లవి, నీ తప్పేముంది?" అన్నాడు. మా నాన్న మీద గౌరవంతో నాకు మజ్జిగ తెప్పించాడు. నేను తాగాను. తాగకపోతే బాగుండదని తాగాను. వారం తిరిగేసరికి ఈ మాట చుట్టుపక్కల కల్లాలన్నిటికీ పాకింది. చూపు లేనిదానికి ఎవరో ఒకరు దయతలచి చోటిచ్చేవారేమో, దొంగ చూపుదానికి ఎవరూ ఇవ్వలేదు. నేను చెప్పిన నిజం ఆమెకు చేసిన మేలు అది.

పెద్దమ్మ పత్తికట్టె పీకడానికి వెళ్తోందని మా అమ్మ చెప్పింది. పత్తి ఏరడం అయిపోయాక చేలో మోళ్లు పీకి కట్టలు కట్టే పని. ఎండలో, నడుం వంచి, మోకాళ్ల మీద బలం పెట్టి లాగాలి. ఆ మాట విన్నాక అన్నం దిగలేదు. మర్నాడు పొద్దున్నే చేను వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె గట్టు మీద కూర్చుని, చీర చెంగు చింపి అరచేతికి చుట్టుకుంటోంది. నన్ను చూసి మొహం విప్పారింది.

"వచ్చిందా పాపా?"

పక్కన కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. ఇది పింఛనుకు కాదు, దేనికీ కాదు, నా పరీక్షకు. మీరంతా పొరపాటు పడ్డారని రెండో రోజే తెలిసినా నేను ఊరుకున్నాను. నీ కళ్లు బాగున్నాయని ఆసామికి చెబితే అది ఇంకోలా తిరిగింది. చెబుతూ ఏడ్చాను కూడా. ఆమె నా వీపు నిమిరింది. రక్తం అంటిన గుడ్డ ఉన్న చేత్తోనే నిమిరింది.

"ఏడవమాక. నువ్వు చిన్నపిల్లవి. ముందు చెప్పావుగా చదువుకని, మేమే నమ్మలా. నీకు మార్కులు వచ్చినయ్యా?"

"వచ్చాయి పెద్దమ్మా."

"నా పేరు చూశారా మీ కాలేజీ వాళ్లు? సంతకం చూశారా?"

"లేదు పెద్దమ్మా. పేర్లు బయటపెట్టకూడదు. నీకు చెడ్డ జరగకూడదని అలా నియమం. రికార్డులో నాలుగో నంబరు అని రాశాను."

ఆమె కొంచెంసేపు చేలోకి చూసింది. వరసగా మోళ్లు, వరస చివర కట్టలు. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. గుట్టలో ఒక్క కాయ మీద ఆగినప్పుడు అలాగే ఉండేది.

"మరి ఆసామికి నా పేరెట్టా తెలిసింది?"

అంత చెప్పి, అంత ఏడ్చి, అది ఒక్కటే చెప్పలేదు నేను. ఆయనే కనుక్కున్నాడని ఆమె అనుకోవాలనే, మాటల్ని అలా పేర్చుకుంటూ వచ్చాను.

"నేనే చూపించాను," అన్నాను. "నా గ్రాఫు బాగా వచ్చిందని చూపించాను."

తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని కోరుకున్నాను. నా వీపు మీది చెయ్యి తీసుకుని, ఒక మోకాలి మీద ఆనించి, రెండుసార్లు ఆగి లేచి నిలబడింది. నేను పట్టుకోబోతే పక్కకు జరిగింది.

"ఎండెక్కుతోంది టీచరమ్మ గారూ," అంది. "మీరు ఇంటికెళ్లండి."